మిల్లు పక్కింట్లో చదువు

డీఎస్సీకో, గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో చదువుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త కోరిక వినిపిస్తోంది. బయటి చప్పుడు వినపడనివ్వని హెడ్‌ఫోన్స్ కొనిపెట్టమని అడుగుతున్నారు. రామచంద్రపురం లాంటి ఊళ్లో దాన్ని సోకు కింద కొట్టిపారేయడం తప్పు. చాలా ఇళ్లలో అందరికీ కలిపి ఒకటే ముందుగది. టీవీ అక్కడే, కుట్టుమిషను అక్కడే, వచ్చేపోయే చుట్టాలు కూర్చునేదీ అక్కడే. వీధి చివర రైస్ మిల్లు. కోతల రోజుల్లో ధాన్యం లారీలు, ట్రాక్టర్లు. మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే రాత్రిళ్లు డీజే. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 టీచరు పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు, ఫోన్లో పాఠాలు వింటూ ఈ మోతల మధ్యనే కుస్తీ పట్టినవాళ్లు ఎందరో. వేరే గది లేని పిల్లలకు చెవులమీద పెట్టుకునే ఆ వస్తువే చదువుల గది. కాబట్టి కొనేటప్పుడు దేన్ని చూసి కొనాలో నిదానంగా మాట్లాడుకోవాలి.

ఈ వస్తువు మన ఇళ్ల కోసం పుట్టలేదు. శబ్దాన్ని శబ్దంతోనే చల్లార్చవచ్చన్న ఆలోచనకు పాల్ ల్యూగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1936లోనే అమెరికా పేటెంటు పొందాడు. ఆచరణలో పెట్టేంత ఎలక్ట్రానిక్స్ అప్పటికి లేవు. నలభై ఏళ్ల తర్వాత, 1978లో, జ్యూరిక్ నుంచి ఇంటికి వెళ్తున్న అమర్ బోస్‌కు విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో సంగీతం కంటే ఇంజన్ హోరే ఎక్కువగా వినిపించింది. ఈయన తండ్రి నోనీ గోపాల్ బోస్ బ్రిటిషువాళ్ల మీద పోరాడి, జైలుకెళ్లి, 1920లో అమెరికాకు తరలిపోయిన బెంగాలీ. ఎంఐటీలో పాఠాలు చెప్పే ఆ కొడుకు సీట్లో కూర్చునే లెక్కలు వేసుకున్నాడు. 1986లో మధ్యలో ఎక్కడా ఇంధనం నింపుకోకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టివచ్చిన వాయేజర్ విమానంలో ఇద్దరు పైలట్లూ ఆయన కంపెనీ తయారుచేసిన నమూనాలే పెట్టుకున్నారు. 1989లో పైలట్ల హెడ్‌సెట్ అమ్మకానికి వచ్చింది. పాటల కోసం కొనేవాళ్లకు అది చేరింది ఆ తర్వాతే. అంటే ముందుగా దీన్ని తయారుచేసుకున్నది ఇంజన్ పక్కన కూర్చుని పనిచేసే మనిషి చెవిని కాపాడటానికి. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడది ఖరీదైన సరుకు కాదు. హైదరాబాద్ శివార్లలోని కొంగర కలాన్‌లో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ 2025 నుంచి తయారవుతున్నాయి. వాటికంటే చాలా తక్కువ ధరకు, రెండు మూడు వేల రూపాయల్లో దొరికే బడ్స్ మీద కూడా నాయిస్ క్యాన్సలింగ్ అన్న మాట ఉంటోంది. అయితే ఆ మాటను నమ్మి డబ్బు కట్టేముందు అది ఏ చప్పుడును ఆపగలదో, ఏది ఆపలేదో తెలుసుకోవాలి.

ఇది పనిచేసే తీరు మరీ కష్టమైంది కాదు. హెడ్‌ఫోన్‌కు ఉన్న చిన్న మైకు బయటి శబ్ద తరంగాన్ని పట్టుకుంటుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారుచేసి స్పీకరులోంచి వదులుతుంది. ఎగుడూ దిగుడూ కలిసి రెండూ సద్దుమణుగుతాయి. సెకనుకు వందసార్లు కంపించే గంభీరమైన హోరు తరంగం దాదాపు మూడున్నర మీటర్ల పొడవుంటుంది. రవ్వంత ఆలస్యమైనా రెండూ బాగానే కలుస్తాయి. అయిదువేల సార్లు కంపించే కీచు శబ్దం తరంగం ఏడు సెంటీమీటర్లు కూడా ఉండదు. అక్కడ పిసరంత తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. అందుకే ఎడతెగకుండా ఒకే తీరుగా సాగే లోతైన హోరును ఇవి బాగా అణుస్తాయి. ఉన్నట్టుండి వచ్చే చప్పుళ్లను, సన్నని కీచు గొంతులను అంతగా ఆపలేవు. వాటిని అడ్డుకోవలసింది చెవిలో బిగువుగా కూర్చున్న రబ్బరు బిరడా, లేదా చెవి చుట్టూ ఆనుకున్న మెత్తే.

మరి మన చప్పుళ్ల సంగతి? సీలింగ్ ఫ్యాను, కూలరు హోరు చాలావరకు వీటి చేతికి చిక్కుతాయి. ఇంట్లో పెట్టుకుని స్విచ్ వేయగానే మొదట తెలిసేది ఆ తేడాయే. కాకినాడకో రాజమండ్రికో రోజూ వెళ్లొచ్చేవాళ్లకు ఆర్టీసీ బస్సు ఇంజన్ గురగుర బాగా తగ్గుతుంది. కానీ పల్లెవెలుగు బస్సులో అద్దం తీసిన కిటికీ పక్కన కూర్చుంటే గాలి నేరుగా మైకుల మీద కొట్టి, లోపల బుసబుసమని కొత్త రొద పుడుతుంది. గాలి రొదను తగ్గించే ఏర్పాటు చవక రకాల్లో అంతంతమాత్రం. అద్దం మూయడమో, నడవ వైపు సీట్లోకి మారడమో మేలు. మిల్లు మోటార్ల రొద తగ్గుతుంది, తూర్పారబట్టే యంత్రాల గలగల తగ్గదు. కార్తీక సోమవారాల్లో ద్రాక్షారామం దారిపట్టిన కార్ల హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. పక్కింటివాళ్ల మాటలు మెత్తబడతాయి గాని మాయం కావు. ఇక డీజే బాక్సుల దెబ్బ చెవికే కాదు, గుండెకాయకూ కిటికీ రెక్కలకూ తగులుతుంది. దాన్ని ఆపే హెడ్‌ఫోన్ ఏ ధరలోనూ లేదు.

పెట్టె మీది అక్షరాల దగ్గర చాలామంది మోసపోతున్నారు. ఏఎన్‌సీ అని ఉంటే అది మీ చెవికి చప్పుడు తగ్గించేది. ఈఎన్‌సీ అని ఉంటే మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు మీ వెనకాల చప్పుడు అవతలివాళ్లకు వినపడకుండా చేసేది. రెండూ మంచివే, కానీ ఒకటి బదులు మరొకటి పనికిరాదు. చవక నెక్‌బ్యాండ్ల మీద ఈఎన్‌సీ అన్న అక్షరాలే పెద్దగా ఉంటాయి. చదువు కోసం కొనుక్కున్న పిల్లవాడు ఇంటికొచ్చి పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు అలాగే ఉంటుంది. ఏ దుకాణంలోనైనా ఈ తేడా అడిగి చెప్పించుకోవడం కొనేవారి హక్కు. ముప్పై డెసిబెల్స్, నలభై అయిదు డెసిబెల్స్ అని రాసే అంకెలు కూడా చప్పుడు బాగా తగ్గే ఏదో ఒక స్థాయి దగ్గరివే గాని అన్ని శబ్దాలకూ వర్తించేవి కావు. ఆ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చి కొనడం వృథా.

చెవి మీద ఎలా కూర్చుందన్నదే అంతకంటే ముఖ్యం. బడ్స్‌తో పాటు మూడు సైజుల రబ్బరు బిరడాలిస్తారు. చాలామంది మొదట ఉన్నదాన్నే వాడేస్తారు. సందు ఉంటే హోరు అక్కడి నుంచే లోపలికి వచ్చేస్తుంది, ఎంత మంచి చిప్ అయినా ఏమీ చేయలేదు. తల మీదుగా పెట్టుకునే రకం చదువు బల్ల దగ్గర హాయిగా ఉంటుంది. బరువు చూసుకోవాలి. సోనీ సీహెచ్720ఎన్ 192 గ్రాములే, చప్పుడు తగ్గించే స్విచ్ వేసి ఉంచినా 35 గంటలు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. అలాంటివి పూటల తరబడి పెట్టుకున్నా తలకు అంత భారమనిపించవు. కాకపోతే మన గోదావరి ఉక్కపోతలో వైశాఖ జ్యేష్ఠాలు గడిచేసరికి చెవి మెత్తలు చెమటకు తడిసి పొట్టులేస్తాయి. మెత్తలు విడిగా దొరుకుతాయా, సర్వీసు కాకినాడలో ఉందా, రాజమండ్రి వెళ్లాలా అన్నది కొనేముందే అడగాలి. బడ్స్‌లోని బుల్లి బ్యాటరీ మాత్రం రెండు మూడేళ్లలో నీరసిస్తుంది, మార్చడం దాదాపు కుదరదు. రోజూ గంటల తరబడి వాడేవారికి పెద్ద రకమే గిట్టుబాటు అని మా అభిప్రాయం.

వీటన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష ఇంకొకటుంది. అదే గదిలో, అదే ఫ్యాను కింద, అదే పాఠం పెట్టి, మాట స్పష్టంగా వినపడాలంటే ఇదివరకు ఫోన్ వాల్యూమ్ ఎంత పెట్టవలసి వచ్చిందో, ఇప్పుడెంత చాలుతోందో చూడండి. ముప్పాతిక దాకా పెంచేది సగానికి దిగివస్తే ఆ డబ్బు సద్వినియోగమైనట్టే. దిగకపోతే ఎంత పేరున్న సరుకైనా మీకు పనికిరానట్టే. చెవికి జరిగే మేలు అక్కడే ఉంది. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగానికి సగం పడిపోతుంది. 90 దగ్గర వారం మొత్తానికి నాలుగు గంటలే. బస్సు హోరును మించి వినపడాలని పాట పెంచుకునే కుర్రాడు ఆ నాలుగు గంటలూ బుధవారానికల్లా ఖర్చుపెట్టేస్తాడు. నూటికి యాభై అరవై మించి వాల్యూమ్ పెంచనవసరం లేని హెడ్‌ఫోన్ ఏదో అదే మంచి హెడ్‌ఫోన్.

బండి మీద మాత్రం వద్దు. కాలవ గట్టు రోడ్లు సన్ననివి, వెనక కొబ్బరికాయల లారీ ఎంత దగ్గరికొచ్చిందో చెవే చెప్పాలి. కాకినాడ–కోటిపల్లి రైలు గేట్ల దగ్గర నడిచివెళ్లేవారికీ ఇదే మాట. బయటి మాటలు లోపలికి వినపడనిచ్చే మోడ్ దాదాపు అన్నిట్లోనూ ఉంటోంది. ఇంట్లో అది ఉంచుకుంటే వంటింట్లోంచి అమ్మ పిలుపు వినపడుతుంది, పెద్దవాళ్లు పిలిచి పిలిచి విసుక్కోవలసిన పని ఉండదు.

పిల్లల చెవులకు ఇంత ఆలోచిస్తున్నప్పుడు, ఆ హోరు పుట్టేచోట పనిచేసేవాళ్లను తలచుకోకుండా ఎలా ఉండగలం? పక్కింట్లో చదువుకునే అమ్మాయికి గోడ అడ్డం ఉంది, ఇప్పుడు హెడ్‌ఫోన్ కూడా వచ్చింది. మిల్లులో యంత్రం పక్కన పూటంతా నిలబడే హమాలీ, ఆపరేటరు చెవులకు తలగుడ్డ తప్ప అడ్డం లేదు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని ఫ్యాక్టరీల నిబంధనలు చెబుతున్నాయి. వారికి కావలసింది పాటల హెడ్‌ఫోన్ కాదు, అది అంతటి మోతకు రక్షణగా తయారైంది కాదు. కొద్ది రూపాయల ఫోమ్ ప్లగ్గులు, కొన్ని వందల్లో దొరికే ఇయర్ మఫ్‌లు చాలు. ఈ సాంకేతికతకు మొదటి యజమాని పనిచేసే మనిషి చెవి అని ముందే చెప్పుకున్నాం. మన ఊళ్లో ఆ మనిషికే చివరికి కూడా ఏదీ అందడం లేదు.

రాత్రి మోత సంగతి ఊరు తేల్చుకోవలసింది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పది దాటాక డీజే ఆపించమని ఫోన్ చేసేవారిని పెళ్లి చెడగొట్టేవారుగా చూడటం పోవాలి. పోలీసులు, పురపాలక సంఘం కలిసి కల్యాణ మండపాల వాళ్లకు ముహూర్తాలకు ముందే ఈ గడువు చెప్పి సంతకం తీసుకోవచ్చు. ఇక మిల్లు యజమానులకు మా విన్నపం ఒకటే: దాళ్వా ధాన్యం గేటు దాటేలోపే, లోపల పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇయర్ మఫ్ కొనిపెట్టండి, పెట్టుకునేలా చూడండి.