శాలిహుండం కొండ కింద ఎవరున్నారు?

మెక్సికో దేశంలో ఇజమాల్ అని ఒక ఊరుంది. మన శ్రీకాకుళం కన్నా చాలా చిన్నది. ఊరంతా పసుపురంగు గోడలు. స్పెయిన్ దొరల నాటి పట్నం, చూసి తీరాలని యాత్రల పుస్తకాలన్నీ రాస్తాయి. ఊరి నడిమధ్యన ఎత్తు మీద పెద్ద చర్చి, మఠం ఉంటాయి. ఆ ఎత్తు ఏమిటి? మాయా జనం కట్టుకున్న గుడిదిబ్బ. దాని తల నరికి, ఆ మొండెం మీద మఠం కట్టేరు. రాళ్ళు ఆ గుడివే. మోసిన భుజాలు కూడా మాయా వాళ్ళవే. 1561 నాటికి మఠం లేచింది. మరుసటేడు 1562లో డియేగో డి లాండా అనే స్పెయిన్ ఫాదిరీ మానీ అనే ఊళ్ళో మాయా పుస్తకాలు కుప్పపోయించి తగలబెట్టించేడు. సైతాను రాతలన్నాడు. తర్వాత ఆయనే మాయా వాళ్ళ ఆచారాల మీద, అక్షరాల మీద ఒక పుస్తకం రాసేడు. దాదాపు నాలుగొందల ఏళ్ళకి మాయా లిపి చదవబోయిన పండితులకి ఆ పుస్తకమే ఆధారమయింది. కాల్చినవాడి గుమ్మం ముందుకే పోయి అక్షరాలు అడుక్కోవలసొచ్చింది.

పేరు మాయా కదా, మాయమైపోయేరని చాలామంది అనుకుంటారు. మాయమవలేదు. ఇవాళ్టికీ లక్షల మంది ఆ భాష మాటాడుతున్నారు. ఆ పట్నాల్లోనే ఊడుస్తున్నారు, వండుతున్నారు, రాళ్ళు మోస్తున్నారు. నారతోటల్లో అప్పు కింద తండ్రి పని చేస్తే, ఆ అప్పు కొడుకు నెత్తినెక్కేది. మన కంబారి బతుకే. 1847లో తిరగబడి యాభై ఏళ్ళకు పైగా పోరాడేరు. చరిత్ర పుస్తకాల్లో ఆ పోరాటం పేరేమిటో తెలుసా? కులాల యుద్ధం. వాళ్ళ 'కాస్టా' అనే మాటా, ఇంగ్లీషువాడు మన కులానికి వాడే 'కేస్ట్' అనే మాటా ఒక్క వేరు నుంచి వచ్చినవే.

ఇంత దూరం ఊరి సంగతి మనకెందుకంటారా? అలాంటి ఊరు మన జిల్లాలోనే ఉంది గనక. గార మండలంలో కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇంగ్లీషు దొరల కాలంలో అది ఓడరేవు. లైట్‌హౌసు కట్టేరు. ఇవాళ లైట్‌హౌసుంది, ఇసక ఉంది, ఆదివారం వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళున్నారు. ఓడలు లేవు. దొరల పట్నం అంటే జనానికి గుర్తున్నది ఇంతే.

ఆ పట్నానికి వేళ్ళు ఏటికి కొద్ది మైళ్ళు ఎగువన, శాలిహుండం కొండ మీద ఉన్నాయి. 1919లో ఆ కొండ మీది బౌద్ధ శిథిలాల్ని లోకానికి చెప్పినాయన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పండితులతో కలబడిన మనిషి. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి బడి పెట్టి, ఆ భాషకి వ్యాకరణం రాసిన మనిషి. బ్రాహ్మడైనా సరే, చేసిన పని చెప్పుకోవాలి. మనుషుల నోట్లో ఉన్న మాటకి విలువిచ్చినవాడి కంటికే మట్టిలో ఉన్న ఇటికా కనపడింది. ఇది కాకతాళీయం అని నేననుకోను.

తర్వాత పురావస్తు శాఖ వాళ్ళు తవ్వేరు. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, చక్రం ఆకారంలో పేర్చిన ఇటికల పునాదులు బయటపడ్డాయి. క్రీస్తుకి ముందు రెండు మూడొందల ఏళ్ళ నుంచి క్రీస్తు తర్వాత పన్నెండో శతాబ్దం దాకా, అంటే వెయ్యేళ్ళకు పైగా ఆ కొండ మీద దీపం వెలిగింది. బుద్ధుడు, తార, మారీచి విగ్రహాలు అక్కడే మ్యూజియంలో ఉన్నాయి. ఒక చిన్న రాతలో అశోకుడి పేరు కూడా కనపడింది.

అశోకుడంటే మనవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. జెండాలో చక్రం ఉంది కదా. కానీ ఈ నేల కళింగ నేల. కళింగ యుద్ధంలో లక్షమందిని చంపేనని, లక్షన్నర మందిని ఊళ్ళొదిలించి పట్టుకుపోయేనని ఆ రాజే రాళ్ళ మీద చెక్కించుకున్నాడు. తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. సరే. ఆ చచ్చిన లక్షా ఎవరు? ఈ ఏటొడ్డు పల్లెల వాళ్ళు వాళ్ళలో లేరని ఎవరనగలరు? మన వేళ్ళు తడిసింది ఒట్టి నీళ్ళతోనే కాదు.

ఇక అసలు ప్రశ్నకొద్దాం. వెయ్యేళ్ళున్న బౌద్ధులు ఎటు పోయేరు? బడి పుస్తకంలో ఒక్క ముక్క రాస్తారు: బౌద్ధం క్షీణించింది. వర్షం వెలిసినట్టు, జ్వరం తగ్గినట్టు. దానంతటదే! అదే కాలంలో ఈ నేలనేలిన గంగరాజుల రాగిరేకులు చూడండి. ఫలానా గోత్రం బ్రాహ్మడికి ఫలానా ఊరు, ఫలానా పొలం, పన్నులేకుండా, సూర్యచంద్రులున్నంత కాలం. అగ్రహారం అనే మాట మన జిల్లా ఊళ్ళ పేర్లకి ఊరికే అంటుకోలేదు. భూమి చేతులు మారింది. దాంతో దేవుడూ మారేడు. ముఖలింగంలో శివుడు వెలిసేడు. విజయనగరం దగ్గర రామతీర్థం వెళ్ళండి. గురుభక్తులకొండ మీద బౌద్ధుల విహారం పాడుబడి ఉంటుంది. పక్క కొండల్లో జైనుల విగ్రహాలుంటాయి. కింద కోనేరు దగ్గర రాముడి గుడికి జనం తీర్థంలా పోతారు. తలెత్తి గురుభక్తులకొండ కేసి చూసేవాడు నూటికొక్కడుంటే గొప్ప.

అంబేడ్కర్ 1948లో అంటరానివాళ్ళు ఎవరు అనే ప్రశ్నతో ఒక పుస్తకం వేసేరు. చెదిరిపోయిన తెగల జనం ఊరి బయట కాపలా ఉండేవారని, వాళ్ళు బౌద్ధులని, బౌద్ధం వదలమన్నా వదలలేదని, ఆవుమాంసం తినడం మానలేదని, అందుకే వాళ్ళని అంటరానివాళ్ళని చేసేరని అందులో వాదించేరు. ఇది అన్ని ఆధారాలూ దొరికి తేలిన చరిత్ర కాదని, దొరికిన ముక్కల నుంచి అల్లుకొచ్చిన వాదమని ఆయనే ముందుమాటలో ఒప్పుకున్నారు. మన ఉపన్యాసకులు ఆ ఒప్పుకోలు దాటేసి, మనమందరం ఒకప్పుడు బౌద్ధులమే అని మైకులో తీర్పిచ్చేస్తారు. నాకది నచ్చదు. అంబేడ్కర్ మనకి ప్రశ్న అప్పగించేరు. మనం దాన్ని జవాబు చేసుకుని పడుకున్నాం.

ఇంకో మాట కటువుగా చెప్తాను, కోపగించుకోకండి. బుద్ధ పౌర్ణమికి మనవాళ్ళు బస్సు మాట్లాడుకుని శాలిహుండం పోతారు. కొండెక్కుతారు. పంచశీల చదువుతారు. పులిహోర తిని, ఫొటో తీసుకుని దిగిపోతారు. దారిలో ఉన్న మాలపేటలో, రెల్లివీధిలో బస్సు ఆగదు. పట్నం వాళ్ళు లైట్‌హౌసు చూసి పోతే మనం స్తూపం చూసి పోతున్నాం. తేడా ఏటి?

ఆ ఊరి పేరులోనే శాలి ఉంది. శాలి అంటే వరి. భిక్షువు భిక్షాపాత్ర పట్టుకుని కొండ దిగితే, దాంట్లో పడ్డ మెతుకు ఎవరో ఒకరు ఊడ్చినదే, కోసినదే, దంచినదే. ఆ ఇటికల మట్టి ఎవరో తొక్కేరు. వాళ్ళ పేర్లు ఏ రాతిమీదా లేవు. బుద్ధుడి కాలంలోనూ లేవు, గంగరాజుల కాలంలోనూ లేవు. 1802లో కుంపిణీ వాళ్ళు శాశ్వత పైసలా చేసి భూముల్ని జమీందార్ల పేర రాసినప్పుడూ లేవు.

దొరల కాలం గురించి మాత్రం ఒక మాట. మానీలో ఫాదిరీ పుస్తకాలు కాల్చేడు. మన దగ్గర శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, విజయనగరం ఊళ్ళలో కెనడా బాప్టిస్టు మిషను వాళ్ళు మన తాతల చేతిలో మొదటి పుస్తకం పెట్టేరు. వేదం వింటే చెవుల్లో సీసం పొయ్యమన్న దేశంలో అది చిన్న సంగతి కాదు. దానికి మనం కట్టిన వెల ఏమిటంటే, 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కులని కలిపేరు. 1990లో బౌద్ధులని కలిపేరు. ఏసుని నమ్మిన మాల, మాదిగ బయటే. అదే వాడ, అదే గిన్నె, అదే అవమానం. కాగితం మాత్రం వేరు. వేళ్ళ గురించి మాటాడే ప్రతి సభలోనూ ఈ సంగతి కూడా మాటాడాలి. బుద్ధుడి కింద నిలబడ్డవాడికి కాగితం ఉండి, సిలువ కింద నిలబడ్డవాడికి లేకపోతే, ఇద్దరూ ఒక్క వాడ వాళ్ళే అని కొండెక్కినవాడే చెప్పాలి.

కళింగపట్నం రేవుకి మళ్ళీ వద్దాం. ఆ రేవు సరుకులకే కాదు, మనుషులకీ రేవు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో కూలీలు ఓడెక్కి రంగం పోయేవారు. రంగూన్ని మనవాళ్ళు రంగం అనే అన్నారు. కరువొచ్చినా రంగమే, అప్పు తీర్చాలన్నా రంగమే. అక్కడ రేవులో మూటలు మోసేరు, వీధులూడ్చేరు, రిక్షాలు లాగేరు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టేరు. దొరల కంపెనీలు బర్మా వాళ్ళని పనిలోకి దించేయి. సమ్మె తీరేక తెలుగువాళ్ళని తీసుకుని బర్మా వాళ్ళని పొమ్మన్నాయి. కూలీకి కూలీకి మధ్య కత్తులు లేచేయి. ఎందరో మనవాళ్ళు చచ్చిపోయేరు. 1942లో జపాన్ వాడు వచ్చినప్పుడు వేల మంది అడవులూ కొండలూ పట్టుకుని నడిచి ఇంటికొచ్చేరు. రానివాళ్ళు రాలేదు. లైట్‌హౌసు దగ్గర ఫొటో తీసుకునేవాడికి ఈ సంగతి ఎవరు చెప్తారు?

ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త ఓడరేవుకి 2023లో శంకుస్థాపన చేసేరు. రేవొస్తే పనొస్తుందంటారు. రావచ్చు. పోయిన రేవు మనకేం మిగిల్చిందో లెక్క రాసుకుని గానీ కొత్త రేవుకి జైకొట్టకూడదని నా మాట. ఎందుకంటే ఈ ప్రాంతంలో అభివృద్ధి పేరున నేల కదిలినప్పుడల్లా దెబ్బ ఎవరికి తగిలిందో లక్ష్మీపేట చెప్తుంది. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు తీసుకోగా మిగిలి పడున్న భూమిని దున్నుకున్నందుకు, 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపేరు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. జిల్లా పేరు మారింది. రెండువేల ఏళ్ళ నాటి ఇటికకి కంచె ఉంది. వాడకి ఏ కంచె ఉంది?

అందుకే కార్యకర్తలకి ఒక పని చెప్పదలిచేను. ఈసారి శాలిహుండం పోయేవాళ్ళు పులిహోర కన్నా ముందు ఒక నోటుబుక్కు కొనుక్కోండి. కొండెక్కే ముందు వాడలో ఆగండి. ముసలోళ్ళని అడగండి. మీ తాత ఎవరికి కంబారి? ఎంత అప్పుకి? ఆ అప్పు ఎప్పుడు తీరింది, అసలు తీరిందా? ఇంట్లో ఎవరైనా రంగం పోయేరా? శ్మశానం ఎక్కడుండేది, ఇప్పుడక్కడ ఎవరి పొలం ఉంది? వాడలో మగ్గం ఉండేదా? బడిలో మొదట కూచున్నదెవరు? ఏ చెరువులో నీళ్ళు ముట్టనిచ్చేవారు కాదు? ఎప్పటి నుంచి ముట్టుకుంటున్నారు? ఇవి రాసుకున్నాక కొండెక్కండి. అప్పుడా ఇటికలు వేరేగా కనపడతాయి.

నేను పోయినసారి ఆ పనే చేసేను. కళింగపట్నం దారిలో ఒక వాడ. ఊడుపులై ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూచున్న ముసలమ్మని పలకరించేను.

"ఏటి బావూ, ఆ కొండెక్కి ఏటి సూసినారు?" అంది.

"బుద్ధుడి గుళ్ళు, పెద్దమ్మా. పాతకాలం ఇటికలు."

"ఆ ఇటికలేటి కొత్తా? మాయమ్మ సెప్పీది. ఆటితోటి పొయ్యిలు ఏసుకునీవోరట."

నవ్వేను. ఆవిడ నవ్వలేదు. తండ్రి పేరు చెప్పింది, రాసుకున్నాను. తాత పేరు చెప్పింది. రంగం పోయి మరి రాలేదంది, ఉత్తరం ముక్కయినా రాలేదంది. తల్లి పేరు చెప్పింది. తల్లికి తల్లి పేరు చెప్పింది. ఆపైన ఆవిడ అమ్మమ్మకి తల్లి పేరడిగేను. చాలాసేపు ఆలోచించింది.

"పేరెవుడికి తెలుసు బావూ. కోడలిగా వొచ్చిన ఊరి పేరెట్టి పిలిసీవోరు కదేటి. శాలిండమోలు, శాలిండమోలు అనీవోరట. అంతే."

నోటుబుక్కులో అదే రాసుకున్నాను.