జిల్లా పరిషత్తులు: ఎన్నిక యెవరిది, బొక్కస మెవరిది?

2019వ సంవత్సరము మే నెలలో రెండు దేశములయందు జిల్లా సభల కెన్నికలు జరిగినవి. మే 2వ తేదీన ఇంగ్లాండులోని జిల్లా కౌన్సిళ్లకును, మే 6, 10, 14 తేదీలయందు మన తెలంగాణములోని జిల్లా, మండల పరిషత్తులకును ప్రజలు వోట్లు వేసిరి. అచ్చట లండనులో నధికారమందున్న కన్సర్వేటివు పక్షము 1300కు పైగా స్థానములను పోగొట్టుకొన్నది. ఇచ్చట హైదరాబాదులో నధికారమందున్న తెలంగాణ రాష్ట్ర సమితి 32 జిల్లా పరిషత్తులను ముప్పదిరెంటిని గూడ చేజిక్కించుకొన్నది. ఈ రెండు ఫలితములను ప్రక్కప్రక్కన నుంచి చూచిననేగాని, మన నల్లగొండ, పాలమూరు సీమలలో జిల్లా పరిషత్తనగా నేమియో తేటపడదని మా యభిప్రాయము.

ముందుగా నంకెలను జూతము. తెలంగాణములోని 538 జిల్లా ప్రాదేశిక స్థానములలో పాలకపక్షమునకు 449, కాంగ్రెసునకు 75, భారతీయ జనతా పక్షమునకు 8 వచ్చినవి. పూర్వపు నల్లగొండ జిల్లానుండి యేర్పడిన నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి పరిషత్తులలోగాని, పూర్వపు మహబూబునగరు జిల్లానుండి యేర్పడిన మహబూబునగరు, వనపర్తి, నాగరుకర్నూలు, జోగులాంబ గద్వాల, నారాయణపేట పరిషత్తులలోగాని యొక్కటియు ప్రతిపక్షమునకు దక్కలేదు. ఇది ప్రజాభిమానమునకు నిదర్శనమని పాలకులు చెప్పుకొనుట సహజము. కాని యా సంవత్సరమే ఏప్రిలు 11వ తేదీన పోలింగు జరిగి, మే 23వ తేదీన వెలువడిన లోకసభ ఫలితములలో నల్లగొండ, భువనగిరి స్థానములు రెంటిని కాంగ్రెసు గెలుచుకొన్నది. నెల దాటీ దాటకముందే అదే సీమ ప్రజలు మరియొక తీర్పు నిచ్చిరి. ఏమి కారణము?

మన వోటరు చపలచిత్తుడని కొందరు పట్టణవాసు లనుచుందురు. మే మట్లు తలంపము. గ్రామీణుని లెక్క మిక్కిలి సరళమైనది. ఊరికి బాట కావలయును; బడికి గోడ కావలయును; చెరువు తూము బాగుపడవలయును. వీని నిచ్చువాడు హైదరాబాదులో నున్నాడు. ఇచ్చువాని పక్షమున నున్నవానిని పంపిన పని జరుగును. ఎదురు పక్షమువానిని పంపిన నర్జీ మూలబడును. ఢిల్లీకి పంపు సభ్యుని విషయమున తన మనస్సులోని మాట చెప్పిన వోటరు, జిల్లాకు పంపు సభ్యుని విషయమున తన యక్కఱను జెప్పినాడు. ఇది వివేకమే, కాని చేయి చాచి నిలుచున్నవాని వివేకము. స్వపరిపాలన మనునది యిట్టి వివేకముపై నిలువజాలదు.

ఇంగ్లాండులో నెందుకు వేఱు విధముగ జరిగినది? ఐరోపా కూటమినుండి వైదొలగు వ్యవహారములో ప్రభుత్వము చేసిన జాగునకు జనులు కోపించి యుండిరనుట నిజమే. కాని యా కోపమును జిల్లా యెన్నికలో వెళ్లగ్రక్కుటకు వారు వెఱవలేదు. ఏలయనగా, అచ్చటి కౌన్సిలునకు ప్రతి యింటినుండియు వచ్చు పన్ను కలదు. ఏటేట నింటికి చీటీ వచ్చును. ఎంత కట్టవలయునో యందుండును. చెత్త యెత్తించుట, ఇండ్ల కట్టడమున కనుమతు లిచ్చుట మున్నగునవి జిల్లా కౌన్సిలు పనులు. లండనులో నెవరున్నను, వీథిలోని చెత్త తీయుట యాగదు. కావున వోటరు నిర్భయుడు. ఆంగ్లేయుల యింట నన్నియు చక్కగా నున్నవని మే మనుటలేదు. అచ్చట స్థానిక యెన్నికలకు సాధారణముగా మువ్వురిలో నొక్కడు మాత్రమే వోటు వేయును. మన పల్లెలలో 2019లో నూటికి డెబ్బదిమందికి పైగా బారులు తీరి నిలుచుండిరి. ఉత్సాహము మనది, అధికారము వారిది. ఈ రెండును ఒక్కచోట జేరినపుడుగదా స్వపరిపాలన!

ఈ సీమకు స్వపరిపాలన యూరక వచ్చినది కాదు. నిజాము పాలనలో సభ జరుపుకొనుటకే సర్కారు ననుమతి యడుగవలసిన కాలమున, ఆంధ్రమహాసభ 1931లో దేవరకొండయందును, 1936లో షాదునగరమునందును, 1944లో భువనగిరియందును సమావేశమైనది. తమ వ్యవహారములను తాము చక్కబెట్టుకొనగల ప్రజలమని చాటిన సభ లవి. 1959 అక్టోబరులో నెహ్రూ పండితుడు అదే షాదునగరమున పంచాయతీ రాజ్యమును ప్రారంభించుట యా యాశకు ఫలమని మన పెద్దలు సంతసించిరి. 1986లో మండల ప్రజా పరిషత్తుల చట్టము వచ్చినది. 1987లో జిల్లా పరిషదధ్యక్షుని ప్రజలే నేరుగా నెన్నుకొనిరి. 1993లో నమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చి, అప్పగింపదగిన 29 విషయముల పట్టికను గూడ చేర్చినది.

పట్టిక యున్నది, అప్పగింత మాత్రము రాష్ట్ర శాసనసభ చిత్తమునకు విడువబడినది. పన్ను వేయు నధికారమును నంతియే. అందువలన గలిగిన ఫలము నే గ్రామములోనైనను జూడవచ్చును. బడి గుమ్మముపై "జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల" యని పెద్దక్షరములతో వ్రాసి యుండును. ఆ బడిలో నుపాధ్యాయుని నియమించునది రాష్ట్ర ప్రభుత్వము. బదిలీ చేయునది విద్యాశాఖ. బోర్డుపై పేరు తప్ప పరిషత్తునకు మిగిలినది స్వల్పము. ఫ్లోరైడు నీటిచే నెముకలు వంగిపోయిన మఱ్ఱిగూడెము ప్రాంతమువారికిగాని, కూలికై దూరదేశములకు వలసపోవు పాలమూరు కుటుంబములకుగాని మంచినీరు, పని చూపగల శక్తి పరిషత్తునకు లేదు. 2016లోను 2019లోను జిల్లాలను చిన్నవిగా విభజించిరి. కచ్చేరీ దగ్గరకు వచ్చినది. బొక్కసము మాత్రము దగ్గరకు రాలేదు.

శక్తి లేని పీఠమునకు పోటీ యెందుకన్న, పీఠమునుబట్టి పక్షమునకు పరువు. ఇప్పుడధ్యక్షుని ప్రజలుగాక సభ్యులే యెన్నుకొందురు. అందుచే ఫలితములు వెలువడిన నాటినుండి సభ్యులను శిబిరములకు దరలించుట యాచారమైనది. 2014లో మహబూబునగరు పరిషత్తున నే పక్షమునకును సంపూర్ణాధిక్యము లేకున్నను, అధ్యక్షపదవి తుదకు పాలకపక్షమునకే చేరినది. 2019 జూను 8వ తేదీన పైజెప్పిన యెనిమిది పీఠములలో నైదింటిని స్త్రీ లధిష్ఠించిరి. ఇది సంతోషింపదగిన విషయము. అయితే పదవి స్త్రీకిచ్చి పెత్తనము పురుషుడు చేయు చోటులందు రిజర్వేషను పరదాగా మాఱును. ఆ దోషము చట్టముది కాదు, మనది.

ఇంతకంటె గొప్ప దోష మొకటి కలదు. ఐదేండ్ల గడువు తీరకముందే క్రొత్త యెన్నిక ముగియవలయునని రాజ్యాంగము 243-ఇ అధికరణమున శాసించుచున్నది. 2024 జూలైలో పరిషత్తుల గడువు తీరినది, ఎన్నికలు జరుగలేదు, ప్రత్యేకాధికారులు వచ్చిరి. వెనుకబడిన తరగతుల రిజర్వేషనును 42 వంతులకు పెంచిన యుత్తరువును 2025 అక్టోబరు 9వ తేదీన హైకోర్టు నిలిపివేసెను. పరిషత్తుల యెన్నికల కార్యక్రమ మాగిపోయినది. డిసెంబరు 11, 14, 17 తేదీలలో గ్రామ పంచాయతీల యెన్నికలు మాత్రము జరిగినవి. రిజర్వేషను న్యాయమైనదే కావచ్చును. దానిని నిర్ణయించుటకు గడువు తీరువఱకు వేచియుండనేల? 2023 డిసెంబరులో రాష్ట్రాధికార మొక పక్షమునుండి మరియొక పక్షమునకు మారినది. మా వాదము మారదు. ప్రతినిధిలేని జిల్లాను ఉద్యోగి పాలించుట యే పక్షపు కాలమునందైనను పూర్వపు తాలూక్దారీ పద్ధతియే.

మేము కోరునవి మూడు. రాష్ట్రాదాయములో నింత భాగము జిల్లా పరిషత్తుదని చట్టమునందే వ్రాసి, మంత్రి దయతో నిమిత్తము లేకుండ జమచేయవలయును. పట్టికలోని విషయములను ఉద్యోగులతోను నిధులతోను గూడ నప్పగింపవలయును. గడువు తీరుటకు ముందే యెన్నికలు జరుపవలయును.

భూస్వాములకును, పట్టణములలోని వకీళ్లకును, వర్తకులకును ఒక మాట. పని పడినపుడు మంత్రిగారి బంగళాకు నడచుట మనకే యలవాటు. పరిషత్తు సమావేశమున బడ్జెటును జదివించుకొని ప్రశ్నించుట యలవాటు కాలేదు. దొడ్డిదారి మనకు సులభముగా నున్నంతవఱకు ముందువాకిలి తెఱువబడదు. 2019లో మన పల్లెవాడు పాలకపక్షమునకు వోటు వేసినందుకు మేము వానిని నిందింపము. ఎదురు పక్షమునకు వోటు వేసినను ఊరి బాట యాగదని వానికి నమ్మకము కలిగిననాడే జిల్లా పరిషత్తు నిజముగా జిల్లాది యగును.