పాలు, హాలు, ఆలు

వేసవి సెలవుల్లో ధర్మవరం వీధుల్లో పిల్లలు గుంపుగా ఆడుకుంటుంటే అప్పుడప్పుడూ పెద్దలకు అంతుపట్టని మాటలు వినిపిస్తాయి. ‘నువ్వు రా’ అనాల్సిన చోట ‘కనుకవ్వు కరా’ అంటారు. ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చి మాట్లాడే ఈ ఆటకు తెలుగునాట క-భాష అని పేరు. అక్క దగ్గర చెల్లెలు, ఆ చెల్లెలి దగ్గర పక్కింటి పిల్ల నేర్చుకుంటూ వచ్చిన విద్య ఇది. పైకి ఎంత వింతగా వినిపించినా లోపల ఉన్నది తెలుగే. మాటలు అవే, వ్యాకరణం అదే. అయినా దీన్ని చిన్న విషయంగా తీసిపారేయలేం. ఒక్క సూత్రాన్ని ఏ అక్షరాన్నీ వదలకుండా పాటిస్తే భాష రూపమే మారిపోతుందని ఆ పిల్లలు కనిపెట్టారు. భాషల చరిత్రను శోధించే పండితులకు రెండు వందల ఏళ్ళుగా దారి చూపుతున్నదీ ఈ ఎరుకే.

భాషను కల్పించడం పెద్దవాళ్ళకూ సరదాయే. 2015లో వచ్చిన ‘బాహుబలి’లో కాలకేయుల నోట పలికిన కిలికి భాషను ప్రేక్షకులు ఇంకా మరిచిపోలేదు. తమిళ గీతరచయిత మదన్ కార్కి దానికి దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు సమకూర్చారు. వినేవాళ్ళకు గుండె ఝల్లుమనాలని పుట్టిన భాష అది, ఆ పని చక్కగా చేసింది. కాలకేయుల తాతముత్తాతలు ఎలా మాట్లాడేవారన్నది ఆ కథకు అక్కర్లేని ప్రశ్న. ఆ ప్రశ్న వేసుకుని దాని వెంటే జీవితమంతా నడిచినవాడు టోల్కీన్. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లం చెప్పిన ఆచార్యుడు. తన కథల్లోని జాతుల కోసం క్వెన్యా, సిందారిన్ అనే భాషలు కల్పించినప్పుడు, ముందు ఆ రెంటికీ ఒక మూలభాషను ఊహించుకున్నాడు. అందులోని ధ్వనులు ఒక కొమ్మలో ఒకలా, మరో కొమ్మలో ఇంకోలా ఎలా మారుతూ వచ్చాయో వరుసగా రాసుకున్నాడు. 1931లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో దీన్ని రహస్య వ్యసనం అని పిలిచాడు. ఆ భాషలకు ఒక లోకం ఉండాలనే కథలు అల్లానని కూడా చెప్పాడు.

అలా వయసున్న భాషను కల్పించడం నేర్చుకోవాలనుకునే పిల్లలకు శ్రీ సత్యసాయి జిల్లా దక్షిణపు కొసను మించిన బడి లేదని మా నమ్మకం.

బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండకు వస్తుంటే ముందు దేవనహళ్ళి తగులుతుంది, తర్వాత బాగేపల్లి, ఆ తర్వాత సోమందేపల్లి. హళ్ళి అన్నా పల్లి అన్నా మాట ఒకటే. బాగేపల్లి ఉన్నది కర్ణాటకలో, అక్కడ ఇళ్ళలో మాట్లాడేది ఎక్కువగా తెలుగు. ఇటు మడకశిర, అమరాపురం వైపు ఆంధ్రప్రదేశ్‌లోనే కన్నడం ఇంటిభాషగా ఉన్న ఊళ్ళున్నాయి, కన్నడ మాధ్యమం బడులున్నాయి. రాష్ట్రాల గీత ఒకచోట ఉంటే మాటల గీత ఇంకోచోట ఉంది. హిందూపురం బజారులో ఈ రెండింటికీ ఉర్దూ కూడా తోడవుతుంది.

మన పాలు కన్నడంలో హాలు. పువ్వు హూవు, పులి హులి, పండు హణ్ణు, పాము హావు, పంది హంది. ఇవి విడివిడిగా జరిగిన వింతలు కావు, ఒకే సూత్రం వరసపెట్టి చేసిన పని. తమిళంలోనూ, ఎక్కడో ఉత్తరాన ఉన్న గోండిలోనూ ‘పాల్’ అనే అంటారు కాబట్టి మొదట ఉన్నది ‘ప’యేనని, మార్చుకున్నది కన్నడమని తేలుతుంది. పదో శతాబ్దంలో పంపకవి నాటికి కన్నడంలోనూ ‘ప’ బలంగానే ఉంది. తర్వాతి నాలుగు శతాబ్దాల్లో దాని చోటును మెల్లగా ‘హ’ తీసుకుంది. కథ అక్కడితో ఆగలేదు. పాత మైసూరు పల్లెల్లో ఇప్పుడు ఆ ‘హ’ కూడా జారిపోయి హాలు ఆలు అవుతోంది, హళ్ళి అళ్ళి అవుతోంది. పెదవులు గట్టిగా మూసి పలికే ధ్వని ముందు సడలి, చివరికి ఊపిరిలో కలిసిపోయింది. కన్నడంతో ఏ చుట్టరికమూ లేని జపాన్ భాషలోనూ ‘ప’ ఇలాగే చాలాచోట్ల ‘హ’ అయింది.

ఈ మార్పు హిందూపురం వాళ్ళకు ఎంత దగ్గరిదో హేమావతి చెబుతుంది. అమరాపురం మండలంలోని ఈ ఊరు ఒకప్పుడు నొలంబ పల్లవుల రాజధాని. శాసనాల్లో దాని పేరు పెంజేరు అనీ, హెంజేరు అనీ రెండు రకాలుగానూ ఉంది. సిద్ధేశ్వరుడి గుడి చూడటానికి వెళ్ళేవాళ్ళు అక్కడి శిల్పాలతో పాటు ఈ పేరును కూడా తలచుకోవాలని మా కోరిక. పెంజేరు, పెనుకొండ రెండూ ‘పె’తో మొదలైన పేర్లే. కన్నడ నాలుక మీద పడింది ‘హె’ అయింది. తెలుగు నాలుక మీద ఉన్నది అలాగే ఉంది.

అలాగని తెలుగు కదలకుండా కూర్చున్న భాష ఏమీ కాదు. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు అంటాం. సరిహద్దు దాటితే చళ్ళకెరె. చెరువు, కెరె ఒకే మూలం నుంచి వచ్చినవి. మన చెవి వాళ్ళకు కివి, మన చెడు వాళ్ళకు కెడు, మన చిరు వాళ్ళకు కిరు. ఈసారి పాత ధ్వనిని నిలుపుకున్నది కన్నడం. ఇ, ఎ అచ్చుల ముందున్న ‘క’ను ‘చ’గా మార్చుకున్నది తెలుగు. అది కూడా ఆగలేదు. మన పల్లెల్లో చెరువు సెరువు అయింది, చెప్పు సెప్పు అయింది. నూరుకు లాటిన్‌లో కెంతుమ్ అనేవారు. ఇటలీలో అది చెంతో అయింది, ఫ్రాన్సులో సాఁ అయింది. రోము నుంచి పారిస్ దాకా ఒక మాట ఏ మలుపులు తిరిగిందో, ధర్మవరం రైతు నోట ఇంకో మాట అవే మలుపులు తిరిగింది.

బడిలో ‘సెరువు’ అన్న పిల్లను అందరి ముందూ నిలబెట్టి దిద్దడం మనకు అలవాటైపోయింది. పరీక్షకు, ఉద్యోగానికి ప్రామాణిక రూపం కావాలి, దాన్ని నేర్పాల్సిందే. కానీ ఆ పిల్లకు నోరు తిరగదనీ, ఆమె అవ్వ మాట మొరటుదనీ చెప్పడం అన్యాయం, అబద్ధం కూడా. ‘చెరువు’ అన్న తొలితరం వాళ్ళు కూడా పాతతరం చెవికి ‘కెఱె’ను పాడుచేసినవాళ్ళే. ఇది పాఠంగా చెబితే పిల్లలు వింటారో లేదో. తామే ఒక భాషను కల్పించి దాన్ని మార్చి చూసుకుంటే మాత్రం వాళ్ళకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ హాబీని ఇక్కడింతగా తలకెత్తుకోవడానికి కారణం అదే.

పాలు, హాలు లాంటి జంటలను పోల్చి దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబమని గుర్తించడంలో తొలి అడుగు పడింది తెలుగు దగ్గరే. 1816లో క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన ఒక వ్యాసంలో మద్రాసు అధికారి ఎల్లిస్ తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టి చూపించాడు. ఈ కుటుంబం గురించి కాల్డ్వెల్ రాసిన ప్రసిద్ధ గ్రంథం వచ్చింది 40 ఏళ్ళ తర్వాత, 1856లో. అనంతపురంలోని దత్తమండల కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు తెలుగుది ఆ కుటుంబమని ఒప్పుకోలేదు. రాయలసీమకు ఆ పేరు పెట్టింది ఆయనే, 1928లో. తెలుగు ప్రాకృతం నుంచి పుట్టిందని 1937లో ‘ఆంధ్రభాషాచరిత్రము’లో వాదించారు. ఆ వాదం నిలవలేదు. కానీ ఈ ప్రశ్న కోసం అనంతపురంలో కూర్చుని అంత సామగ్రి పోగుచేసిన మనిషి ఉన్నాడని మన జిల్లాల విద్యార్థులకు తెలియాలి.

తర్వాత వచ్చిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చెప్పింది వింటే హిందూపురం వాళ్ళు ఆశ్చర్యపోవాలి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌లో తెలుగు, కన్నడాలు కలిసిపోయి బేరాలాడటం చూసినా, రెండు లిపుల పోలిక చూసినా ఇవి ఒక తల్లి బిడ్డలనే అనుకుంటాం. పుట్టుక ప్రకారం చూస్తే కన్నడం తమిళంతో ఒక శాఖలో ఉంది. తెలుగు ఉన్నది గోండి, కొండ, కువి, కుయి భాషలతో మరో శాఖలో. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు. తెలుగులో రెండు, గోండిలో రండ్. మొదటి అచ్చు పక్కకు జరిగి రకారం ముందుకొచ్చిన ఆ కదలిక ఈ శాఖ గుర్తుల్లో ఒకటి. కాబట్టి హిందూపురంలో కన్నడానికీ తెలుగుకూ మధ్య కనిపించే దగ్గరితనంలో చాలాభాగం పుట్టుకతో వచ్చింది కాదు. వందల ఏళ్ళు ఒకే గట్టు మీద కూర్చుని, ఒకే నీళ్ళు తాగి సంపాదించుకున్నది. లేపాక్షి గుడి గోడల మీద కన్నడ శాసనాలు ఉండటం, పెనుకొండలో పెరిగి ‘పెనుగొండలక్ష్మి’ రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు పద్నాలుగు భాషలు నేర్చిన పండితుడు కావడం ఈ నేలకు సహజమే. 1887లో ఎస్పెరాంటో అనే కల్పిత భాషను లోకానికిచ్చిన జామెన్‌హాఫ్ పుట్టిన బియాలిస్తోక్ కూడా ఇలాగే నాలుగు భాషలు వినిపించే ఊరు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పెనుకొండకూ మడకశిరకూ మధ్య లేని కొండ ఒకటి ఊహించి, అక్కడి జనానికి ఒక భాష కల్పిస్తుందనుకుందాం. కన్నడపు సూత్రం ఒకటి, తెలుగు సూత్రం ఒకటి తీసుకుంది. వాళ్ళకు పాలు హాలు, కెఱె చెఱె, పులి హులి. బాగుంది. ఇంకో అయిదు వందల ఏళ్ళు గడిచాయనుకుని ‘హ’ను తీసేసింది. పులి ఇప్పుడు ఉలి. కానీ లేపాక్షి శిల్పి చేతిలో ఉలి ఎప్పటినుంచో ఉందే! అడవిలో ఉలి కనబడిందంటే ఏమనుకోవాలి? ఆమె పక్క ఊరి తెలుగువాళ్ళ దగ్గర పులిని అరువు తెచ్చుకోవచ్చు, ‘చారలది’ అని కొత్త పేరు పెట్టొచ్చు, రెండు మాటలు జతచేసి ‘ఉలిమెకం’ అనొచ్చు. ఏది చేసినా నిజమైన భాషలు చేసే పనే చేస్తుంది. అరువు మాటలు ఎందుకొస్తాయో, జంట మాటలు ఎలా పుడతాయో ఆ చిక్కులో పడ్డప్పుడే తెలుస్తుంది. సూత్రాల క్రమం తారుమారైతే వేరే భాష వస్తుందని కూడా.

ఆ కొండ మీది వాళ్ళు బట్టలు కట్టుకోవాలి కదా. మగ్గం భాగాలకు పేర్లు కావాలంటే ముందు మన పేర్లు తెలియాలి. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె. ఇలాంటి మాటల కోసమే కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. 1962లో వ్యవసాయం సంపుటం, 1971లో చేనేత సంపుటం. ధర్మవరం పిల్లలకు పుస్తకంతో పాటు మనుషులు కూడా ఉన్నారు. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం మాటలు ఎన్ని వాడుకలోంచి జారిపోతున్నాయో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న పెద్దాయనే చెప్పగలడు. ఆయన దగ్గరకు ఒక పిల్ల నోటు పుస్తకంతో వెళ్ళి, తన ఊహాలోకం కోసం అడగడం మొదలుపెడితే ఆయన కాదనడు.

హిందూపురం, మడకశిర ప్రాంతాల్లోని తెలుగు మాధ్యమం, కన్నడ మాధ్యమం బడులు ఏడాదికి ఒక పూట కలవడం కష్టమేమీ కాదు. ఖర్చు కూడా లేదు. ఒక నల్లబల్ల, రెండు నిలువు గడులు, అటు కన్నడం పిల్లలు, ఇటు తెలుగు పిల్లలు. మొదటి వరసలో పాలు, హాలు అని ఉపాధ్యాయులు రాసిస్తే చాలు. రెండో వరస నుంచి సుద్దముక్క పిల్లలకు ఇచ్చేయాలి.