అసలే లేనిదానికి నకలు

మొన్నో గురువారం జుమ్మేరాత్ బజార్లో ఒక ముసలాయన పట్టా పరిచి నాణేలు అమ్ముతున్నాడు. ఒక రాగి బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, హాఫ్ అణా, 1818. "అసలుది సాబ్, కంపెనీ జమానాది" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంజనీరింగ్ రెండో ఏడులో ఇలాంటి బిళ్ళ మీదే నేనో కవిత రాశాను. తెల్లవాడు కూడా రాముణ్ణి కాదనలేకపోయాడని. కాలేజీ పత్రికలో అచ్చేశారు, చప్పట్లు కొట్టారు.

ఆ కవితలో ఒక్క ముక్కా నిజం కాదు. కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ వెయ్యలేదు. దాని పాలన అంతటా ఒకే తీరు నాణేలు వచ్చిందే 1835 చట్టంతో. 1808లో ఇంగ్లండులో అచ్చేసి మద్రాసుకు పంపిన ఇరవై కాసుల రాగి నాణెం మీద ఉన్నది కంపెనీ చిహ్నం. దేవుడున్న కంపెనీ నాణేలూ లేకపోలేదు. మద్రాసు వరహాల మీద విష్ణువుంటాడు. భక్తితో కాదు, దక్షిణాది బజార్లో విజయనగరం తీరు వరహా అయితేనే చెల్లుతుందని. ఈ నిజం నా కవిత కంటే ఎంత బాగుందో చూడండి.

దొంగనోటుకి ఒక అసలు నోటుంటుంది. పక్కన పెట్టి పోలిస్తే దొరికిపోతుంది. ఈ కల్పిత నాణేనికి అసలే లేదు. దేనితో పోలుస్తారు? మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఫార్మాట్ కరెక్టుగానే ఉంది, రికార్డే లేదు. చూడ్డానికి పాతగా ఉంటే చాలు, మనం పాస్ చేసేస్తాం.

అదే పట్టా మీద ఓ మూలన చార్మినార్ బొమ్మున్న హాలీ సిక్కా రూపాయి పడుంది. దాన్నెవరూ అడగట్లేదట. పదకొండు గ్రాముల పైచిలుకు బరువు, దాదాపు 82 శాతం వెండి. చార్మినార్ ద్వారంలో చిన్న అక్షరం: మహబూబ్ అలీ ఖాన్‌దైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ఐన్. ఇంచుమించు ఏడు హాలీలిస్తే ఆరు బ్రిటిష్ రూపాయలొచ్చేవి. నిజాం పోయినా 1959 దాకా చెల్లింది.

ఈ ఊరి వెండి వెనక ఫౌజు జీతాల కథ కూడా ఉంది. హైదరాబాద్ కంటింజెంట్‌కి అధికారులు బ్రిటిష్‌వాళ్ళు, జీతం మాత్రం నిజాం ఖజానాది. ఆ జీతాల కోసం పామర్ కంపెనీ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశారు. బకాయిలు పేరుకుని 1853లో బేరారే చేజారిపోయింది. చింగ్‌ల కాలం చైనాలోనూ, ఫుజియాన్‌లోని జాంగ్‌జౌలో ఫౌజుకిచ్చిన వెండి నాణేల మీద 'సైనిక జీతం' అనే రాసుంటుంది. ఇప్పుడు ఆ పేరుతో కూడా ఎన్నడూ లేని నాణేలు పుట్టుకొస్తున్నాయి. సిపాయి ఆకలి మాత్రం వాటిలో ఉండదు.

"సాహిత్యమంతా కల్పనే కదా, నమ్మకానికి క్యాటలాగు అడుగుతావేంటి?" అన్నాడు నా కవిమిత్రుడు. నవల అట్ట మీద నవల అని ఉంటుంది నాయనా. ఈ బిళ్ళ మీద 1818 అని ఉంది. దేవుడి బొమ్మతో నాకు పేచీ లేదు. గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకోండి, అది మీ ఇష్టం. అబద్ధం ఆ తేదీలో ఉంది. మన పాతబస్తీ కథలూ, నిజాం వైభవం మీద వ్యాసాలూ ఇదే పని చేస్తున్నాయి. అత్తరు, ముత్యాలు, షాయరీ ముద్రగుద్ది ఒక తేదీ వేస్తే చరిత్రైపోతుంది. అప్పులూ బకాయిలూ రాస్తే ఎవడు చదువుతాడు అంటారు. నేను చదువుతాను.

ఎందుకంటే మా బాబాయి చెల్లెలి పెళ్ళికి దాచిన డబ్బులో సగం అలాంటి బిళ్ళకే పోశాడు. బియ్యాన్ని లాగుతుంది, కోట్లు పలుకుతుంది అన్నార్ట. ఎలా నమ్మావని అడిగితే నా మొహంలోకి చూసి, "అచ్చులో చదివాను కదరా, నువ్వే రాశావుగా" అన్నాడు.

ఆ గురువారం నేను హాలీ సిక్కా కొన్నాను. ద్వారంలో అక్షరం అరిగిపోయింది, భూతద్దం పెడితే తప్ప కనబడదు. ఆ మాత్రం కష్టం పాఠకుడికి పెట్టడం తప్పు కాదనే ఇదంతా రాశాను.