గోడ ఇవతలి సానుభూతి

రాబర్ట్ ఫ్రాస్ట్ పేరెత్తగానే మనవాళ్లకు ఒకే కవిత గుర్తొస్తుంది. మంచు కురిసే సాయంత్రం అడవి పక్కన బండి ఆపుకుని నిలబడ్డ మనిషి కవిత. నెహ్రూ దాని చివరి పాదాల్ని తన బల్ల మీద పెట్టుకున్నాడన్న సంగతి ఇంగ్లీషు లెక్చరర్లకు కంఠోపాఠం. 1923లో వచ్చి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టిన 'న్యూ హాంప్‌షైర్' సంపుటి లోదే అది. అదే సంపుటిలో ఇంకో మంచూ, ఇంకో గుర్రమూ ఉన్నాయి. 'ది రనవే' అనే 21 పాదాల కవిత. మొదటిదాంట్లో గుర్రానికి గంటలున్నాయి, యజమాని ఉన్నాడు. ఆ యజమాని ఆలోచనల మీద పేజీలకు పేజీలు రాశారు. రెండోదాంట్లో యజమాని జాడ లేదు. బెదిరిపోయిన గుర్రప్పిల్ల ఒక్కటే ఉంది. దాన్ని మాత్రం పిల్లల కవితల్లో పడేసి చేతులు దులుపుకున్నారు.

జరిగేది కొంచెమే. ఆ ఏడాది మొదటి మంచు మొదలవుతుంది. కొండ మీది పచ్చిక బీడు దగ్గర కొందరు దారినపోయేవాళ్లు ఆగుతారు. ఒక గుర్రప్పిల్ల రాతిగోడ మీద ఒక ముందుకాలు వేసి, రెండోది రొమ్ముకి ముడుచుకుని నిలబడి ఉంటుంది. వీళ్లను చూసి బుస్సుమంటుంది, పరుగు తీస్తుంది. మంచు తెర వెనక నీడలా మాయమవుతుంది. వీళ్లు మాట్లాడుకుంటారు. అది మళ్లీ వస్తుంది, కళ్లు తెల్లబడి, తోక నిగిడించి. వీళ్లు మళ్లీ మాట్లాడుకుంటారు. అంతే.

దీనికి చెప్పే మామూలు అర్థాలు రెండు. పసితనం లోకాన్ని చూసి జడుసుకుంటుంది, పెద్దయితే అదే పోతుంది అనేది మొదటిది. గుర్రప్పిల్ల మానవుడు, కనపడని యజమాని దేవుడు అనేది రెండోది. రెండూ ఒక్క పనే చేస్తాయి: తప్పు ఎవరిదన్న ప్రశ్నను కవితలోంచి ఎత్తేస్తాయి. మొదటిదాని ప్రకారం తప్పు వయసుది. రెండోదాని ప్రకారం అడిగే హక్కే మనకు లేదు.

కానీ కవిత మొదలయ్యేదే "ఎవరిదీ పిల్ల?" అనే అర్థమిచ్చే ప్రశ్నతో కదా! అందులో మొట్టమొదట పలికే మాటే అది. అది ఊరూ పేరూ లేని జంతువు కాదని కూడా ఫ్రాస్ట్ వెంటనే చెప్పేస్తాడు. అది మోర్గాన్ జాతిది. 1789లో పుట్టిన 'ఫిగర్' అనే ఒకే ఒక మగగుర్రం నుంచి వచ్చిన వంశం. దుక్కికి, బండికి, స్వారీకి, చివరికి అమెరికా సైన్యానికి కూడా పనికొచ్చిన గుర్రాలు. 1907లో ప్రభుత్వమే వీటిని పెంచడానికి వెర్మాంట్‌లో క్షేత్రం పెట్టింది. అంటే దీనికి ధర ఉంది, దొడ్డి ఉంది, దీని కష్టం తినబోయే మనిషి ఒకడున్నాడు. పనికి కావాలి, మంచులో మాత్రం అక్కర్లేదు.

ఇంక తల్లి సంగతి. దారినపోయేవాళ్లు యజమాని కంటే ముందు తల్లిని తలుచుకుంటారు. ఇది ఎక్కడైనా ఉన్నదే. పిల్ల బెదిరితే మొదట తల్లినే నిలదీస్తారు. గుర్రప్పిల్లలు మామూలుగా వసంతంలో పుడతాయి. నాలుగైదు నెలలు దాటాక పాలు మాన్పించి తల్లి నుంచి వేరు చేస్తారు. మొదటి మంచు వేళకు తల్లి పక్కన లేకపోతే అది ఎక్కడికో పోయిందని కాదు. వేరు చేసిన చేతులు ఉండి ఉంటాయి. కవిత ఆ మాట పైకి చెప్పదు. "అమ్మ ఎక్కడ?" అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వకుండానే వదిలేస్తుంది.

ఇది వట్టి వాతావరణమేనని తల్లి చెప్పినా పిల్ల నమ్మదంటారు వాళ్లు. నమ్మదు మరి! ఒకే ఒక్క ఎండాకాలం దాని అనుభవమంతా. ఈ కవితలో నన్ను వదలని చిత్రం ఒకటుంది. మీద పడుతున్న మంచును ఈగల్ని తోలుకున్నట్టు చర్మం అదిలించి విదిల్చుకోవాలని చూస్తుంది. దానికి తెలిసిన బాధ ఈగలొక్కటే. తెలిసిన ఒకే విద్యతో తెలియని శత్రువు మీద పోరాడుతోంది. దీన్ని అమాయకత్వం అంటారా? నాకు మాత్రం తెలివిగానే కనిపిస్తుంది. ఆ వయసుకు అంతకంటే ఎవరు నేర్పారు గనక?

భాష దగ్గర కొంచెం ఆగాలి. చలికాలానికి ఈ పిల్ల ఇంకా మచ్చిక కాలేదని చెప్పే మాట ఒకటి కవితలో ఉంది. ఇంగ్లీషులో గుర్రాన్ని దారికి తేవడానికీ, విరగ్గొట్టడానికీ ఒకటే క్రియ. ఉర్దూలో 'సధానా' అంటే సాధు చేయడం, అందులో విరుపు లేదు. తెలుగు 'మచ్చిక'లో అయితే ఏకంగా ప్రేమే ఉంది. మన రెండు భాషల్లోనూ ఈ మాట మెత్తబడిపోతుంది, అసలు సంగతి దాక్కుంటుంది. చలికి విరిగినదాన్నే పెద్దదైందంటారు. ఇంకా విరగనిదాన్ని పిరికిదంటారు. ఉర్దూలో 'బిదక్‌నా' అని గుర్రాలకే అతికినట్టుండే మాట ఉంది. మన 'బెదరడం' దానికి దగ్గరి చుట్టం. రెండింట్లోనూ పిరికితనం లేదు, ఒళ్లు చేసే హెచ్చరిక ఉంది.

నా అసలు తగాదా ఆ దారినపోయేవాళ్లతో. మంచివాళ్లే, జాలి ఉంది. మిగతా జీవాలన్నీ కొట్టాలకు చేరిన వేళ దీన్ని ఇంకా బయట వదిలినవాణ్ణి మందలించాలని కూడా అంటారు. ఎవరు మందలించాలి? చెప్పరు. ఆ వాక్యానికి కర్త లేడు. మా పత్రికల్లో రోజూ అచ్చయ్యే "సంబంధిత అధికారులు వెంటనే స్పందించాలి" లాంటి వాక్యమే అది. పిల్ల రెండుసార్లు గోడ దాకా వస్తుంది, మనుషులున్న వైపుకే. వాళ్లు ఒక్కసారి కూడా గోడ దాటరు. ఫ్రాస్ట్ వాళ్లలో 'మేము' అని తననూ కలుపుకున్నాడు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

ఈ సంకలనం చదివేవాళ్లకు ఈపాటికి నాలుక దురద పెడుతూ ఉంటుంది: ఆ గుర్రప్పిల్ల మనమే కదా అని. సెక్యులర్ మిత్రులైతే ఇంకా తొందరపడతారు. ఆ పని నేను చేయను. మన భయానికి చరిత్ర ఉంది, తేదీలున్నాయి, వాటిని వాటి పేర్లతోనే చెప్పుకోగలం. దానికి ఒక మూగజీవాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు. పిల్లను ప్రతీక చేసిన మరుక్షణం దాని ఒంటి మీద మంచు ఆగిపోతుంది, మన ఉపన్యాసం మొదలవుతుంది. మిత్రులు తమను తాము పోల్చుకోవాలనుకుంటే గోడకు ఇవతల కావలసినంత చోటుంది.

దీన్ని తెలుగు చేయబోయేవాళ్లకు ఒక మనవి. చివరి వాక్యానికి కర్తను చేర్చకండి. 'మనం చెప్పాలి' అని దిద్దాలని చెయ్యి లాగుతుంది, తెలుగులో అది వినడానికి బాగుంటుంది కూడా. వద్దు. ఎవరో చెప్పాలి, ఎవరో రావాలి, ఎవరో లోపలికి తోలుకుపోవాలి, అని అలాగే ఉండనివ్వండి. పిల్ల ఇంకా గోడ మీదే ఉంది.