పులి పొరుగున బ్రతుకు

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. పులి మన జాతీయ జంతువు. దాని బొమ్మను చూసి మురిసిపోతాం. కాని ఆ పులి పొరుగున కాపురముండేవారి కష్టసుఖాలు మనలో ఎందరికి తెలుసు?

పశ్చిమ బెంగాల్‌లో గంగ సముద్రాన్ని చేరేచోట సుందరవనాలు ఉన్నాయి. యానాం దగ్గరి కోరింగ మడ అడవులను చూసినవారు వీటిని తేలికగా ఊహించుకోగలరు. అక్కడా అవే ఉప్పునీటి పాయలు, అదే బురద, అవే ఆటుపోట్లు. అయితే సుందరవనాలలో పులులున్నాయి. 1973లో ప్రారంభమైన పులుల సంరక్షణ పథకంలో తొలుత చేరిన 9 అడవులలో ఇదొకటి. 2022 లెక్కల ప్రకారం భారతదేశపు సుందరవనాలలో సుమారు 100 పులులున్నాయి.

ఆ ప్రాంతపు దీవులలోని ప్రజలు గట్లు కట్టి, ఉప్పునీటిని ఆపి వరి పండిస్తారు. 2009లో ఐలా తుఫానుకు గట్లు తెగి పొలాలు చవిటి నేలలయ్యాయి. పంట లేకపోతే చేపలకో, పీతలకో, వేసవిలో తేనెకో అడవికి పోక తప్పదు. అడవిలో అడుగు పెట్టేముందు హిందువులూ, ముస్లిములూ కూడా వనదేవత బోన్‌బీబీకి మొక్కుకుంటారు.

పులి వెనుకనుండి దూకుతుంది. అందుకని 1986లో తల వెనుక తొడుక్కోవడానికి మనిషి ముఖం గల ముసుగులు ఇచ్చారు. అవి కొంతకాలం మేలు చేశాయి. తరువాత ఊళ్ల అంచున నైలాను వలలు కట్టారు. పులులు ఊళ్లలోకి రావడం తగ్గింది. కాని వల ఊరిని కాపాడుతుందేగాని, అడవికి వెళ్లిన మనిషిని కాపాడలేదు.

"అనుమతి లేకుండా నిషిద్ధ ప్రాంతానికి వెళ్లడం వారి తప్పే కదా!" అనేవారున్నారు. ఆ నిషేధం అవసరమే. అలజడి లేని చోటు లేకపోతే పులి మనజాలదు. అయితే ఇంట్లో పిల్లలు పస్తులుంటే ఏ తండ్రి చేతులు ముడుచుకొని కూర్చుంటాడు? అతడు పులివాత పడితే, అనుమతి లేదన్న కారణంతో ఆ కుటుంబానికి పరిహారం అందకపోవడం న్యాయమా? పైగా భర్తను పొట్టన పెట్టుకున్నదని లోకం ఆ ఇల్లాలినే నిందిస్తుంది. 2023లో కలకత్తా హైకోర్టు అటువంటి ఒక వితంతువుకు 5 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అది భిక్ష కాదు, ఆమెకు రావలసిన బాకీ.

పులి దేశమంతటి సొత్తు అయినప్పుడు దానిని కాపాడే భారం కూడా దేశమంతా మోయాలి. పులి నీడలో ఉన్న నిరుపేదపైనే ఆ బరువంతా మోపరాదు. అడవికి పోనవసరం లేని బ్రతుకుతెరువు చూపాలి. గట్లను పటిష్ఠం చేయాలి. ప్రాణం పోయిన ఇంటికి కోర్టు గడప తొక్కనవసరం లేకుండా పరిహారం అందాలి. అప్పుడే పులిని కాపాడమని ఆ పల్లెవాసులను అడిగే అర్హత మనకు ఉంటుంది.