టెస్టర్ వెలగలేదని

సికింద్రాబాద్‌లో నెట్‌వర్క్ రాక్‌లు బిగించేవాళ్లలో బాగా పాతుకుపోయిన మాట ఒకటుంది: "నలభై ఎనిమిదేగా సార్, షాక్ కొట్టదు." ఆ మాట అన్నవాడే రుజువుగా టెర్మినల్ మీద టెస్టర్ కూడా పెట్టి చూపిస్తాడు. అది వెలగదు. ఎలా వెలుగుతుంది? అందులోని నియాన్ బల్బుకు సుమారు 60 వోల్టులు దాటితే గానీ చలనం ఉండదు. సప్లై ఉన్నా లేదని చెప్పే సాక్షిని నమ్ముకుని స్పానర్ పట్టుకుంటున్నారు మనవాళ్లు.

షాక్ కొట్టదన్నది అబద్ధమేమీ కాదు. పొడిచేత్తో ముట్టుకుంటే ఈ రాక్‌లకు వచ్చే 48 వోల్టుల డీసీ మామూలుగా ఏమీ చేయదు. 60 వోల్టుల డీసీ దాకా తాకినా ఫర్వాలేదని అంతర్జాతీయ ప్రమాణాలూ ఒప్పుకుంటాయి. అయితే ఆ ప్రమాణం జవాబు చెప్పింది "ముట్టుకుంటే ఏమవుతుంది" అన్న ఒక్క ప్రశ్నకే. స్పానర్ జారితే? తీగ కొనకు బిగించే లగ్గు వదులైతే? తీగలు తారుమారైతే? వీటికి అందులో జవాబు లేదు.

వోల్టేజీ తక్కువ కాబట్టి భయం లేదనేవాళ్లు రాణిగంజ్ వైపు వెళ్లి ఏ వెల్డింగ్ షాపు ముందైనా ఒక నిమిషం నిలబడాలి. ఇనుమును కరిగించే ఆ ఆర్క్ నడిచేది 20, 30 వోల్టుల మీదే. పని చేసేదంతా ఆంపియర్లు. అక్కడ వంద, రెండు వందల ఆంపియర్లుంటే, టెలికాం గదిలో కథ వేరు. 2 వోల్టుల సెల్లులు 24 వరసగా కలిపిన బ్యాటరీ బ్యాంకు, ఫ్లోట్ ఛార్జింగ్‌లో 54 వోల్టులు. 300 ఆంపియర్-అవర్ల బ్యాంకు షార్టయితే ఆ క్షణాన పారేది వేల ఆంపియర్లు. మధ్యలో ఇరుక్కున్నది స్పానర్ అయితే స్పానర్ పోతుంది, ఉంగరమైతే వేలు పోతుంది. ఉంగరం తీయమంటే "జాతకం చూసి పెట్టించారు సార్, తీయకూడదు" అంటారు. శని కన్నా కరెంటు పారే బస్‌బార్ దగ్గర్లో ఉందని ఎవరు చెప్పాలి? పైగా ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, ఆర్క్ ఆరడానికి సందు దొరుకుతుంది. డీసీలో ఆ సందు లేదు. డీసీ రేటింగ్ లేని ఎంసీబీని ఇక్కడ వాడకూడదనేది అందుకే.

కార్ల వైరింగ్ అలవాటు కూడా ఇక్కడ ఎదురు తిరుగుతుంది. టెలికాంలో ఎర్త్ చేసేది ప్లస్‌ను. భూమిలోని కేబుళ్లను తుప్పు తినేయకుండా పాతకాలంలో ఎంచుకున్న పద్ధతి అది. రాగి పోయి ఫైబర్ వచ్చినా అదే నడుస్తోంది. కారు లెక్కన "మైనస్ బాడీకే కదా" అని రాక్‌కు తగిలిస్తే నేరుగా షార్టే. తీగ రంగును నమ్మడానికీ లేదు, ముందు బిగించినవాడి దగ్గర ఆ రోజు ఏ చుట్ట మిగిలిందో ఎవరికెరుక? మల్టీమీటర్ నల్ల ప్రోబు రిటర్న్ (ప్లస్) మీద, ఎర్రది ఫీడ్ (మైనస్) మీద పెడితే మైనస్ 54 దరిదాపుల్లో చూపాలి. అలా చూసుకున్నాక బ్రేకర్ ఆపి, ట్యాగ్ కట్టి, సప్లై లేదని మళ్లీ మీటర్‌తోనే తేల్చుకుని, ముందు ఎర్త్, తర్వాత రిటర్న్, చివరికి మైనస్ బిగించాలి. విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది.

ఇంతకన్నా మెత్తగా చంపేది లగ్గు. కటింగ్ ప్లయర్‌తో నొక్కి, ఒకసారి లాగి చూసి "గట్టిగానే ఉంది" అనిపించుకున్న లగ్గు. అక్కడ 10 మిల్లీఓమ్‌ల నిరోధం మిగిలిందనుకోండి. 40 ఆంపియర్లు పారితే వేలెడంత చోట 16 వాట్ల వేడి, రాత్రింబవళ్లు. కరెంటు పెరగలేదు కాబట్టి ఎంసీబీ పడదు. ఇన్సులేషన్ రంగు మారి, పెళుసెక్కి, గదిలో వాసన వస్తే గానీ సంగతి బయటపడదు. సైజుకు సరిపోయే డైతో క్రింపింగ్, తయారీదారు చెప్పిన టార్క్, ఈ రెండూ చాదస్తమని నవ్వేవాళ్లు ఆ 16 వాట్లకు ఏం సమాధానం చెబుతారు?

ఊరికి ఈ విద్య కొత్తదైతే సర్దుకోవచ్చు. రైల్వే సిగ్నల్, టెలికాం సిబ్బందికి శిక్షణనిచ్చే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ తొలి ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. అయినా బయటి సైట్లలో లక్షల రూపాయల రౌటర్‌కు కేబుల్ బిగించేది నిన్న చేరిన కుర్రాడు. సర్టిఫికెట్లున్న ఇంజినీరు లగ్గు ముట్టడు, లగ్గు ముట్టేవాడికి ఎవరూ ఏమీ నేర్పరు.

"ఆపితే లింకు పోతుంది, లైవ్‌లోనే కానిచ్చేయాలి" అన్నది భయం లేదనేవాళ్ల చివరి వాదన. ఉన్నవాటిలో కాస్త బరువున్నది ఇదే. కానీ పెద్ద రౌటర్లకు ఏ, బీ అని రెండు ఫీడ్లు పెట్టిందే ఇందుకు. ఒకటి ఆపితే రెండోది మోయాలి. మోయదన్న భయముంటే రెండింటినీ ఒకే బ్రేకర్ కిందికి తెచ్చి ఉంటారు, లేదా ఒక్క ఫీడ్ తట్టుకోలేనంత లోడు ఎక్కించి ఉంటారు. ఆ సంగతి, ముందే చెప్పి, అనుమతి తీసుకుని, రాత్రిపూట ఒక గంట లింకు ఆపుకునే రోజున తేలడం మంచిదా, ఒక ఫీడ్ దానంతటదే పోయిన రోజున తేలడమా?